పెరుగు పెద్దమ్మ మరిగించిన తోడు

డెయిరీలో అందరికీ ఆమె పెరుగు పెద్దమ్మ. ఆమె చూపు పడితే పాలు తోడుకుంటాయని, కోపం వస్తే విరుగుతాయని ప్రతీతి. ఒకసారి ఆమె తుమ్మితే క్యానులో వెన్న తేలిందని వ్యాను డ్రైవరు ఒట్టేసి చెబుతాడు. ఆమె కాదనదు. వెన్న కాదు, మీగడ అని సవరిస్తుంది, అంతే.

అంతటి మనిషి చేతికింద ఆ వారం పాలు పాలలాగే ఉండిపోతున్నాయి. రేపు కూడా ఇంతేనైతే పెరుగు గది మూసేస్తానని, ఆమెను ప్యాకింగుకు పంపేస్తానని మేనేజరు తేల్చేశాడు. ఆమె పాలను తిట్టింది, ఆవుల్ని తిట్టింది, వాటి ఏడు తరాలనూ వదల్లేదు.

పాల పరీక్షలు చేసేది ఆమె చెల్లెలి కూతురు. ఆ పిల్ల తొట్టి కడిగిన నీళ్లను బ్యాక్టీరియా కూడా దూరలేనంత సన్నగా వడకట్టి, కిందటి నెల ఫ్రిజ్‌లో దాచిన మంచి తోడు వేసిన రెండు పాలసీసాల్లో ఒకదానిలో ఒక చుక్క కలిపింది. ఆ సీసా తోడుకోలేదు. చుక్క పడని సీసా గడ్డకట్టింది.

"వైరస్, పెద్దమ్మా. మనుషులకు పట్టేది కాదు, తోడులోని బ్యాక్టీరియాకు పట్టేది. దాని ఒంటికి అతుక్కుని తన సరుకు లోపలికి ఎక్కిస్తుంది. ఇక ఆ కణం సొంత పని మానేసి దీని పిల్లల్నే తయారుచేస్తుంది. నిండాక గోడ బద్దలుకొట్టుకుని అన్నీ బయటికొస్తాయి. కణం చస్తుంది."

"మీ పెదనాన్న తమ్ముడు మా ఇంట్లో దిగినట్టే."

"ఆయన పోతూ పోతూ ఇల్లు కూల్చలేదుగా?"

"నువ్వు చూళ్లేదు."

తర్వాతి మాట చెప్పడానికి పిల్ల నసిగింది. నిన్నటి పెరుగులోంచి ఒక గిన్నెడు తీసి నేటి పాలకు వేయడం పెద్దమ్మ పద్ధతి. పనిలో చేరిన నాటి నుంచి ఆ వరస తెగనివ్వలేదు. రోగాన్ని రోజూ కొత్త పాలలోకి మోస్తున్నది ఆ గిన్నెడు తోడే.

పెద్దమ్మ తోడు గిన్నెను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

"బతికిస్తున్నాననుకుని, చంపేదాన్ని మేపానన్నమాట," అంది. "సరే. ఆవిరి గొట్టం తీసుకురా."

తోడును మోరీలో పోయలేదు, చిందితే మళ్లీ అంటుకుంటుందని. పొయ్యి మీద పెట్టి కుతకుతా మరిగించింది. తొట్లు, గొట్టాలు, గరిటెలు అన్నిటికీ ఆవిరి పట్టింది. బూట్లతో లోపలికి రాబోయిన మేనేజరును గుమ్మం దగ్గరే నిలబెట్టేసింది. పిల్ల తెప్పించిన, ఆ వైరస్ పట్టలేని వేరే రకం తోడు పొట్లం విప్పి పాలకు వేసింది.

తెల్లారి మేనేజరు ముంచిన గరిటె పెరుగులో నిటారుగా నిలబడింది. గది మూసే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. పెద్దమ్మ ఒక చెంచా చప్పరించి, పులుపు చాలలేదంది. పిల్ల అలవాటుగా రేపటికి ఒక గిన్నెడు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. రేపు ఇంకో రకం పొట్లం విప్పుదాం. ఆ వైరస్‌కు మన ఇంటి దారి అలవాటు కానివ్వకూడదు."