పడగ కింద చలివేంద్రం

ఆ రోజుల్లో మా ఈడు కుర్రాళ్లకి భక్తి, అల్లరి ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా కలిసి ఉండేవి. సినిమాకి వెళ్లినంత హుషారుగా హరికథకీ వెళ్లేవాళ్లం. తాడేపల్లిగూడెంలో మా భజన సమాజానికి పెద్ద ‘శ్లోకం తాతగారు’. (అన్నంలోకి ఉప్పు కావాలన్నా ముందు ఒక శ్లోకం చదివేవారు, అందుకని ఆ పేరు.) సమాజంలో భాగవతం చదివేవారు కూర్చునే పీట ఒకటుండేది. దాని మీద కూర్చునే ఆయన కాశీకి వెళ్లిపోవడంతో అది ఖాళీ అయింది. నాకు భాగవతమంటే ప్రాణం. ఆ పీటంటే మాత్రం ప్రాణం కన్నా కాస్త ఎక్కువే.

ఆ ఏడు వానల్లేక ఫాల్గుణానికే కొల్లేరు అడుగు బయటపడింది. ఏటా దోనెల మీద అమ్మవారి తీర్థానికి వెళ్లే జనం నెర్రెలిచ్చిన ఆ నేల మీద మైళ్ల తరబడి నడవాల్సి వచ్చింది. చెట్టన్నది లేదు, మనిషికి తన నీడే దిక్కు. దారి పొడుగునా చలివేంద్రాలు వెయ్యాలని సమాజం తీర్మానించి ఆ పని నాకు అప్పజెప్పింది. “ఒక్క ప్రాణి కూడా ఎండకి సొమ్మసిల్లకూడదు. అలా చూశావా, శ్రీరామనవమి నుంచి పీట నీది. ఒక్కరు పడిపోయినా సరే, చిడతలు పుచ్చుకుని వెనక వరసలో కూచోవాలి” అన్నారు తాతగారు.

నేను తిన్నగా ఏలూరులో నాటకాల తెరలు రాసే మా రంగుల బావ దగ్గరికి పరిగెత్తాను. “తాటాకు పందిరి ఎవడైనా వేస్తాడ్రా! చూడగానే మనిషి ఆగిపోవాలి” అన్నాడు బావ. (ఆగిపోయారు. గొడవంతా అక్కడే వచ్చింది.) వెదురుబద్దలూ తాటాకులూ కలిపి, రెండు నిలువుల ఎత్తున, నీలం రంగు పూసిన అయిదు పడగల ఆదిశేషుణ్ణి నిలబెట్టాడు. అభ్రకం కళ్లు, ఎర్రగుడ్డ నాలుకలు. పడగ కింద చల్లని నీడ, కూర్చోవడానికి తాటిదుంగలు, కుండల్లో మజ్జిగ. ఇంకాస్త ముందుకు వెళితే కూర్మం, దాని తర్వాత రెక్కలు చాచిన గరుత్మంతుడు.

తీర్థం రోజు మండవల్లి వైపు నుంచి మొదటి జట్టు వచ్చింది. అల్లంత దూరాన పడగ కనపడగానే చెప్పులు విప్పేశారు. ఆ కాలే నేల మీద ఎగురుతూనే ప్రదక్షిణలు మొదలెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. నీడలోకి మాత్రం ఒక్కరూ అడుగు పెట్టలేదు.

“లోపలికొచ్చి కూచోండమ్మా, మజ్జిగ తాగండి!” అని అరిచాను.

“అవేం మాటలు బాబూ! స్వామి పడగ కింద కాళ్లు జాపుకు కూచోమంటావా?” అని నెత్తిన గంపతో ఉన్న ఒక ముసలమ్మ కసిరింది. గ్లాసుతో మజ్జిగ ఇస్తే మూడు చుక్కలు అరచేతిలో పోయించుకుని, కళ్లకద్దుకుని తాగి, గంప కాస్త పైకెత్తి తడిచెయ్యి నెత్తిన రాసుకుంది.

“చూశావుట్రా నా పనితనం!” అని బావ పొంగిపోతున్నాడు.

“నా పీట పోతోంది బావా!” అన్నాను ఏడుపు గొంతుతో.

అప్పుడు ఆ స్వామే బుద్ధి పుట్టించాడు. “అమ్మమ్మగారండీ, వసుదేవుడు చిన్నికృష్ణుణ్ణి ఎత్తుకెళుతుంటే ఆదిశేషుడే గొడుగు పట్టలేదూ? ఆయన పడగ కిందేగా నడిచాడు!” అన్నాను.

“ఆయన నెత్తిన కృష్ణుడున్నాడయ్యా. నా నెత్తిన వంకాయలున్నాయి.”

పక్కనే ఒకావిడ చంకలో పిల్లాడు ఎండకి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాణ్ణి లాక్కున్నంత పనిచేసి ముసలమ్మ చేతిలో పెట్టి, “ఇడుగో మీ కృష్ణుడు, ఇక పదండి!” అన్నాను. ఆవిడ రెండు క్షణాలు ఆలోచించి, పిల్లాణ్ణి ఎత్తుకుని, “గోవిందా!” అంటూ నీడలోకి నడిచింది. అంతే! నాకంటే నాకని జనం ఎగబడ్డారు. లోపలికొచ్చినవాళ్లు పిల్లాణ్ణి బయటివాళ్లకి అందించడం, వాళ్లు ఎత్తుకుని రావడం. వాడు ఏడుపు మాని కేరింతలు కొడుతున్నాడు. చివరికి కన్నతల్లి బయట నిలబడి, “మావాణ్ణి ఓసారి నాకూ ఇవ్వండమ్మా, నేనింకా లోపలికి రాలేదు!” అని బతిమాలుకుంది.

మిట్టమధ్యాహ్నానికి తాతగారు వచ్చారు. శేషుణ్ణి చూడగానే గొడుగు పక్కన పడేసి, చెప్పులు వదిలి, ఎండలో నిలబడి విష్ణు సహస్రనామం అందుకున్నారు. “తాతగారండీ, లోపలికి...” అంటే కళ్లతోనే గదమాయించారు. సగం నామాలు కాకుండానే బోర్లా పడిపోయారు.

మోసుకొచ్చి పడగ కింద వెల్లకిలా పడుకోబెట్టి మొహాన నీళ్లు చల్లాం. కళ్లు తెరిచారు. పైన అయిదు పడగలు. ఇటు పక్క శేషుడి నీలం రంగు అంటుకున్న బావ మొహం. తాతగారు చేతులు జోడించి, “స్వామీ! వైకుంఠమా!” అన్నారు. అటు తిరిగితే నేను. “నువ్వూ వచ్చేశావుట్రా! నీకింకా పెళ్లయినా కాలేదే!” అని బావురుమన్నారు.

సంగతి తెలిశాక మూడు గ్లాసుల మజ్జిగ తాగి నిమ్మళించారు. నేను తలొంచుకుని, “ఒక్కరు పడిపోయారండి, తాతగారూ. నేను చిడతలే పట్టుకుంటానండి” అన్నాను.

“ఎవర్రా పడిపోయింది?” అని ఉరిమారు. “సాష్టాంగ నమస్కారం చేస్తే పడిపోవడం అంటారుట్రా, అజ్ఞానీ! నవమికి పెందరాళే వచ్చి పీట తుడుచుకో.”

అలా ఎక్కిన పీట ఇప్పటిదాకా దిగలేదు. స్వామి దయ. ఈమధ్య మాత్రం చదువుతూ చదువుతూ మధ్యలోనే నా తల పుస్తకం మీదికి వాలిపోతోంది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమంటారు. నేను మెల్లిగా కళ్లు తెరిచి, ఎంతో గంభీరంగా, “నిద్ర కాదర్రా, ధ్యానం” అంటాను.