తాతయ్య విన్న రాక్ ఆల్బమ్

మొన్న అమ్మ బొబ్బిలి నుంచి విశాఖలోని నా అద్దె గదికి వచ్చి, సంచి దించకుండానే జ్వరం ఉందేమోనని నా నుదుటి మీద చెయ్యి వేసేసరికి, ఎన్ని సబ్బులు రుద్దినా వదలని కాగిన మైనం వాసన, అందులో కలిసిన దీపపు మసి వాసన గుప్పుమని తగిలి, చేతిలో ఫోను పక్కన పడేశాను. అప్పటికి గంట నుంచి ముక్కూమొహం తెలియని మనిషితో ఫోనులో పోట్లాడుతున్నాను, ఒక పాత రాక్ బ్యాండు చిట్టచివర చేసిన ఆల్బమ్ గురించి. అది చెత్త అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే నా చిన్నప్పటి ఒక ఎండాకాలం గురించి చెప్పాలి.

మాది వీణలు చేసే ఇల్లు. రెండు వేల పది దాటిన కొత్తలో, నేను ఆరో తరగతి పూర్తిచేసిన వేసవి అది. పనస దుంగ చీలిస్తే రాలే పసుపు పొట్టు వాకిలంతా పరుచుకుని మా పాదాలకూ జడలకూ అంటుకోవడం, పొద్దున్నే రాగిపిండి కాచిన చోడి అంబలిలో మజ్జిగ పోసుకుని పచ్చి ఉల్లిపాయ కొరుకుతూ తాగడం, పెరట్లో చాపల మీద ఆరుతున్న మామిడి తాండ్ర అంచులు గిల్లుకు తినడం, ఏడు పెంకులాటలో బంతి వెళ్ళి వీణల మధ్య పడితే నాన్న చూడకముందే తీసుకుని పరిగెత్తడం, ఇవీ మా సెలవులు. నాన్న చెక్కుతాడు, ఆయనకు స్వరం పట్టే చెవి లేదు, ఆ మాట ఆయనే నవ్వుతూ ఒప్పుకుంటాడు. వీణ దండి మీద మైనం పరిచి, ఇత్తడి మెట్లు వరసగా నిలబెట్టి, తీగ మీటి వింటూ ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి జరిపి స్వరం కుదర్చడం తాతయ్య పని. మైనం కాచి మసి కలపడం అమ్మ పని. మా ఇంట్లో ఆడవాళ్ళది పొయ్యి దగ్గర వరకే. వీణ ముందు కూర్చుని మెట్టు ముట్టుకునే ఆనవాయితీ లేదు.

ఆ వేసవిలో మాత్రం ఒక వీణ తిరిగొచ్చింది. తాతయ్య చేసిన వీణ తప్ప మరొకటి ముట్టని విజయనగరం సంగీతం మేష్టారొకాయన, కొన్న వీణను దుప్పటి చుట్టి ఆటోలో తెచ్చి మా అరుగు మీద దించి, పై మెట్లు పలకడం లేదని, ఇది మీ చెయ్యి కాదని చెప్పి, శుక్రవారం మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు. తాతయ్య మెట్లన్నీ ఊడదీసి మైనం కాచమన్నాడు. పెట్టాడు, మీటాడు, మళ్ళీ ఊడదీశాడు. కింది మెట్లు నిక్కచ్చిగా పలికేవి. పైకి వెళ్ళేకొద్దీ స్వరం పక్కకు జారేది, ఆ జారడం ఆయనకు వినపడేది కాదు. అమ్మకు వినపడేది. తల ఎత్తకుండా, పళ్ళు బిగబట్టి పొయ్యి కేసి చూస్తూ కూర్చునేది. మామగారికి చెవి పోయిందని కోడలు ఏ నోటితో చెబుతుంది? ఈసారీ తిరిగొస్తే పనిముట్లు మూట కట్టేస్తానని తాతయ్య అనేశాడు. మెట్లు పెట్టేవాళ్ళు లేకపోతే నాన్న చెక్కినవి ఉత్త కట్టెలే, మా ఇంటి పని అక్కడితో సరి.

అలాంటి ఇంట్లోకి గురువారం మధ్యాహ్నం శంకరం మావయ్య ఊడిపడ్డాడు. అమ్మకు తమ్ముడు, ఇంజనీరింగు చదువు, భుజాన ల్యాప్‌టాపు, వెనకాల రమణ అని ఒక స్నేహితుడు. దారి పొడుగునా ఇద్దరికీ ఆ ఆల్బమ్ మీదే తగువు. బ్యాండులో అందరూ అరవై దాటిన విదేశీ ముసలాళ్ళు. గాయకుడి గొంతు ఇక పైకి లేవదని తెలిసి, పై స్వరాలన్నీ ఒక కుర్రాడితో పాడించారట. పాత అభిమానులకు అది మింగుడుపడలేదు, రమణకు అసలే పడలేదు. మావయ్య అరుగు మీద కూర్చుని పాట ఆపి ఆపి చూపించేవాడు. ఏడు దెబ్బల తాళం ఎంత నిమ్మళంగా నడుస్తోందో చూడమనేవాడు. గిటారు ఎక్కడా ఎగిరెగిరి పడదు, ముసలాయన తనకు అందని చోట ఆగుతాడు, కుర్రాడు అందుకుంటాడు, అప్పుడు ముసలాయన కింది స్వరంలో వచ్చి కలుస్తాడు, ఇందులో మోసం ఎక్కడుందని నిలదీసేవాడు.

“పాడలేనోడు తప్పుకోవాల. ముసిలోళ్ళు ఎప్పుడో ఆపీసుంటే పరువుండేది,” అన్నాడు రమణ.

లోపల మీటుతున్న తీగ ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసరికి మావయ్య మొహం పాలిపోయింది. రమణ నాలుక కరుచుకున్నాడు. ఇంతలో తాతయ్యే బయటికి వచ్చాడు, వేళ్ళకు మైనం, భుజం మీద తుండు. అరుగు మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆ పాట మొత్తం వెయ్యమన్నాడు.

అన్నం ఉడికి వార్చేంత సేపు సాగే పాట అది. తాతయ్య కళ్ళు మూసుకుని చెవి ల్యాప్‌టాపుకు ఆనించాడు. ముసలాయన ఆగి కుర్రాడి గొంతు పైకి లేచిన చోట తాతయ్య కళ్ళు తెరిచి, చేత్తో చెవి రుద్దుకున్నాడు.

“ఈడు పైకెల్తంటే నాకు ఇనబడ్డం లేదర్రా,” అన్నాడు.

అన్ని రోజులుగా ఇంట్లో ఎవరూ అనలేని మాట ఆయనే అనేశాడు. పాట అయిపోయాక, తనకు ఇందులో ఏమీ నచ్చలేదని, ఒట్టి గోలని, కానీ ఆ ముసలాడికి సిగ్గులేదు చూశారా అని మెచ్చుకోలుగానే అన్నాడు. లోపలికి వెళ్ళి వీణ ముందున్న పీటను పక్కకు జరిపి, దాని పక్కన ఇంకొకటి వేశాడు.

“లచ్చిమీ, పొయ్యి వొగ్గీసి ఇలాగ రా. పై మెట్లు నువ్వు సూడు.”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆమె మీటి, ఇటు అంటే ఆయన ఇటు జరిపాడు, చాలు అంటే వేలితో మైనం నొక్కాడు.

శుక్రవారం మేష్టారు వచ్చి మీటారు. కింది నుంచి పైదాకా వెళ్ళి, దిగి, మళ్ళీ పైకి వెళ్ళారు. చెయ్యి మళ్ళీ కుదిరిందని ఆయన తాతయ్యకు దణ్ణం పెట్టారు. ఊరుకుంటే పరువు దక్కేది.

“సెయ్యి నాదే మేస్టారూ. సెవి మా కోడలిది,” అన్నాడు తాతయ్య.

అమ్మ గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది.

తాతయ్య పోయి ఏళ్ళయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగూ పోయింది. పనస దుంగలు దొరకడమే గగనమైపోయింది. మావయ్య ఇప్పుడు రాక్ వినడు, అడిగితే తీరిక లేదంటాడు. ఆ ఆల్బమ్‌ను ఇవాళ్టికీ ఎక్కడ చూసినా తిట్లే. దాని కోసం నేను ఎవరితోనైనా, ఎంతసేపైనా పోట్లాడతాను. చివరిదాకా వినమంటే మాత్రం నా వల్ల కాదు. ముసలాయన ఆగే చోటు, తాతయ్య కళ్ళు తెరిచిన చోటు, దగ్గరపడుతోందని తెలిసి, అది రాకముందే పాట కట్టేస్తాను.