ఆరు గంటల గ్యారంటీ

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది నేను శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు రోడ్డు మీది ఒక బండ్ల బాడీ బిల్డింగ్ షెడ్డులో ఎలక్ట్రికల్ ఇన్‌చార్జిని. లోపలే మంచం, వంటగట్టు, బాత్రూమ్ ఉండే కారవాన్ బండ్లు తయారుచేసి కిరాయికిచ్చేవాళ్లం. ఇంజను ఆపినప్పుడు లోపలి సామానంతా రెండో బ్యాటరీ మీద నడుస్తుంది. అది ఎంతసేపు వస్తుందో లెక్కకట్టి చెప్పడం నా పని. వినకపోవడం మేనేజరు పని.

ఒకరోజు మంఖాల్ నుంచి అంజయ్య అనే రైతు వచ్చాడు. కరోనా తర్వాత వాళ్లమ్మ మల్లమ్మకు ఆక్సిజన్ మిషన్ లేనిదే గడవడం లేదు. తనతోపాటు మంచాన పడ్డ ఈ కొడుకు బతికితే పహాడీ షరీఫ్ దర్గాలో కందూరు చేస్తానని ఆమె మొక్కుకుంది. కందూరంటే అక్కడే మేకను కోసి, వండి, అందరికీ పెట్టి రావాలి. సగం రోజు పని.

"సార్, వండి తినేదాకా మిషన్ నడుస్తదా? ఇంజన్ పెడితే పొగకు అమ్మకు దగ్గొస్తది" అని అడిగాడు.

లెక్క చిన్నదే. పన్నెండు వోల్టులు, నూటయాభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ. రెండూ గుణిస్తే పద్దెనిమిది వందల వాట్ అవర్లు. మిషన్‌కు మూడు వందల వాట్లు కావాలి. కాగితం మీద ఆరు గంటలు. కానీ ఆ రకం బ్యాటరీలో సగమే పనికొస్తుంది, అందులోనూ ఇన్వర్టరు తన వాటా తాను తింటుంది. మిగిలేది రెండున్నర గంటలు. రెండు గంటలు కాగానే ఇంజన్ స్టార్ట్ చేయమని చెప్పాను.

మేనేజరు నవ్వాడు. "మా సార్‌కు అన్నీ అనుమానాలే అన్నా. ఆరు గంటలు గ్యారంటీ, బేఫికర్‌గ పో" అన్నాడు. మా లైనులో అది రివాజు. బండి అప్పగించేటప్పుడు కాగితం లెక్కే చెబుతారు. లైటూ ఫ్యానూ వేసుకునేవాళ్లకు అది సరిపోతుంది కనుక ఎవరూ తిరిగొచ్చి అడగరు. అంజయ్య ఇద్దరి ముఖాలూ చూసి, తనకు కావలసిన మాట పట్టుకుని వెళ్లాడు. ఎవరైనా అదే చేస్తారు.

గుట్ట కింద బండి ఆపారు. డ్రైవరు తాళాలు జేబులో వేసుకుని దర్గాకు పైకెక్కాడు. బగారన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే మిషన్ ఆగిపోయింది. డ్రైవరును వెతికి పట్టుకొచ్చేసరికి మల్లమ్మ పెదవులు నల్లబడ్డాయి. దవాఖానలో చేర్చిన మర్నాడు పోయింది.

దినాలయ్యాక అంజయ్య షెడ్డుకొచ్చాడు. ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టి మీరే బ్యాటరీ ఖాళీ చేశారని మేనేజరు దబాయించాడు. అంజయ్య నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు సార్. రెండు ఫోన్లకు మా అమ్మ పాణం పోయిందా?"

ఫోన్లు లెక్కలోకే రావని, నేను చెప్పిన సమయానికే బ్యాటరీ ఆగిందని మేనేజరు ఎదుటే చెప్పాను. "గంతే సార్. గీ మాట కోసమే వచ్చిన" అని అంజయ్య వెళ్లిపోయాడు. నా ఉద్యోగమూ ఆ నెలతోనే ముగిసింది. వయసు మీరిందన్నారు. శాలువా కప్పింది ఆ మేనేజరే. ఒళ్లు మండిపోయింది.

ఆ షెడ్డులో ఇప్పటికీ ఆరు గంటలనే చెబుతున్నారట. నేను నేర్చుకున్నది ఒకటే, బ్యాటరీ లెక్క బ్యాటరీతో మొదలుపెట్టకూడదు. ఇప్పుడెవరైనా అడిగితే, దాని మీద ఆధారపడి లోపల ఎవరుంటారని ముందు అడుగుతాను. బండి తాళాలు ఆ మనిషి పక్కనే ఉంచమంటాను. గంటలు ఆ తర్వాతే చెబుతాను.