కాలేజీ గేటు మీద నా చావు

నేను చచ్చిపోయానని మా ఊళ్ళో గుండెలు బాదుకుంటున్న వేళకి, నేను ఒంగోల్లో మా కాలేజీ క్యాంటీన్‌లో రెండో ప్లేటు పులిహోర తింటున్నాను. మీరు నవ్వితే నవ్వండి. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నా వీపు విమానం మోత మోగింది.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. చిన్నప్పట్నుంచీ నా కాలు ఒకచోట నిలవదు. మా అమ్మ మరియమ్మ మిరపకాయ కోతలకి వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. "కుదురుగా కూర్చోవే ప్రసన్నా" అని ఆవిడ అన్నప్పుడల్లా నేను కూర్చుని ఉంటే, ఇవాళ మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు మా కాలేజీలో అవయవదానానికి విద్యార్థుల చేత పేర్లు రాయించాలన్నారు. "ఎవరు ముందుంటారు?" అని సునీతా మేడం అడగడం పూర్తికాకముందే నా చెయ్యి లేచింది. వారం రోజులు హాస్టల్ తలుపులన్నీ బాదాను. ఒక్క పేరు పడితే ఒట్టు.

"మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అంది స్వాతి అని నా పక్క బెంచీ పిల్ల.

"మంచిదేగా, ఇచ్చేది అప్పుడే!" అన్నాను.

ఆ తర్వాత ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకో మీరే చెప్పండి.

మేడం మాత్రం ఒక్కటే మాట. "పేరు రాస్తే సరిపోదమ్మా ప్రసన్నా. రేపు మనం పోయాక ఇంట్లోవాళ్ళు సరేననాలి. వాళ్ళు కాదంటే మన సంతకం ఎందుకూ పనికిరాదు. మీ అమ్మగారికి చెప్పావా?"

"ఓ, చెప్పేశాను మేడం!"

చెప్పలేదండీ. ఎలా చెప్పను? కడపటి దినాన దేవుడు లేపేటప్పుడు ఒళ్ళు ఒళ్ళంతా ఉండాలని నమ్మే మనిషి మా అమ్మ. ఆవిడ కాదందంటే, ఊరందరికీ దానం చెయ్యమని చెప్పే నేను మాత్రం గోరు కూడా ఇవ్వలేను. ఆ భయంతో ఇంటికెళ్ళిన ప్రతిసారీ నోరు తెరిచి, అన్నం పెట్టుకుని మూసేదాన్ని.

ఇంతలో డాక్టరు గారొకరు వచ్చి మాట్లాడతారని మీటింగు పెట్టారు. జనం రావాలంటే ఫ్లెక్సీ కట్టాలి. మా వీధి కుర్రాళ్ళలో పుట్టినరోజు ఫ్లెక్సీ పడనివాడు లేడు, ఆడపిల్లకి ఒక్కటీ పడలేదు. ఆ కడుపుమంట నాకు ఎప్పట్నుంచో ఉంది. నా ఫోటో పట్టుకుని షాపుకి పరుగెత్తాను.

"అక్కా, పుట్టినరోజా, పెళ్ళా, పోయినవాళ్ళా?" అన్నాడు షాపతను.

"మూడూ కాదు. అవయవదానం."

"దానికి డిజైను లేదక్కా. కొత్తది చెయ్యాలంటే ఎల్లుండి."

"ఎల్లుండేంటి, రేపే మీటింగు! ఉన్నవాటిలో దేంట్లోనైనా నా ఫోటో పెట్టెయ్."

"దేంట్లోనైనానా?"

"కాస్త గంభీరంగా ఉండాలి. పెద్దక్షరాల్లో రాయి. 'ప్రసన్న మరణించినా జీవిస్తుంది.'"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఒకసారి చూసుకుంటావా అక్కా?"

"నా బస్సు పోద్ది. వేసెయ్!"

వేసేశాడు. పొద్దున్నే కాలేజీ గేటుకి కట్టించాను. నీలం మబ్బులు, తెల్ల పావురాలు, రెండు పక్కలా దీపాలు, నడుమ నేను, నా చుట్టూ దండ. పావురాలు చూసి శాంతి అనుకున్నాను. దీపాలు చూసి జ్ఞానం అనుకున్నాను. దండ చూసి సన్మానం అనుకున్నాను. ఏం చేయమంటారు, తొందరలో ఉన్నాను. అవయవదానం అన్న మాట అట్టడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.

ఆ పూటే మా ఊరి ఏసోబు బాబాయి ఆ గేటు ముందునుంచి బస్సులో పోయాడు. బస్సు ఆగలేదు, చీమలు కనబడలేదు. వెంటనే అమ్మకి ఫోను. "మరియమ్మ వదినా... మన ప్రసన్న..." అని భోరుమన్నాడట. అమ్మ నాకు ఫోను మీద ఫోను. మీటింగని మేడం పొద్దున్నే అందరి ఫోన్లూ కట్టేయించింది.

పులిహోర పుణ్యమా అని హాలు నిండింది. డాక్టరు గారు చెప్పడం అయ్యాక మైకు నాకిచ్చారు. "మన ఇంట్లోవాళ్ళకి మనమే ధైర్యంగా చెప్పాలి! భయం దేనికి?" అని గొంతు పెంచాను.

"అయ్యో నా తల్లో!" అని గుమ్మంలోంచి కేక.

ముఠా ముఠా అంతా ట్రాలీ ఆటోలో వచ్చి పడింది. చేలోంచి నేరుగా రావడం, ఆ మిరప చేతులతోనే దారంతా కళ్ళు తుడుచుకోవడం. కళ్ళు చింతనిప్పులు. పాపమని మా అమ్మాయిలు ఆ చేతులు పట్టుకుని ఓదార్చారు, తర్వాత అవే చేతులతో తమ కళ్ళూ తుడుచుకున్నారు. ఇక హాలంతా ఏడుపే. డాక్టరు గారు కూడా రుమాలు తీశారు.

"అమ్మా, నేనిక్కడున్నా!" అన్నాను మైకులో.

ఇద్దరు పిన్నులు కెవ్వుమని బయటికి పరుగెత్తారు. అమ్మ మాత్రం స్టేజీ ఎక్కి నా మొహమంతా తడిమింది. మొహం భగ్గుమంది. బతికున్నానని రూఢి అయ్యాక వీపు మీద మొదలెట్టింది.

"ఏంటే ఆ బొమ్మ? ఎవరు పోయారని కట్టావే?"

"పోయాక అవయవాలిస్తానని... పేరు రాశానమ్మా."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

మైకు ఆన్‌లోనే ఉంది. మేడం నా వంకే చూస్తోంది. "నువ్వు కాదంటావని" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఈసారి నిజంగానే.

డాక్టరు గారు అమ్మకి నెమ్మదిగా అంతా చెప్పారు. "మీరు ఒప్పుకుంటేనేనమ్మా. లేకపోతే లేదు." అమ్మ కాదంటే ఆ కాలేజీలో ఇక ఎవరూ పేరు రాయరని నాకు అర్థమైపోయింది.

అమ్మ స్టేజీ మీదే కూలబడింది.

"దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నానయ్యా. దీని ఒంట్లో ఒక్కటన్నా కదులుతుంటే చాలు దేవుడా అని. ఎవరి ఒంట్లో కదిలితే ఏంటి, కదులుతా ఉంటది గదా." నా తల నిమిరింది. "మట్టిలోంచి లేపేవాడికి ఒక కిడ్నీ తక్కువైతే లెక్కా? రాసుకోండి. ముందు నా పేరు రాయండి. దీనికంటే ముందు పోయేది నేను. ఈ వరసలో కూడా ఇది తోసుకు రాకూడదు."

నేను చిన్నపిల్లలా ఏడ్చేశాను. అది మిరప ఘాటు కాదు. పేర్లు రాయించుకోడానికి ఆమె వెనకాల ముఠా నిలబడింది, ముఠా వెనకాల మా కాలేజీ వాళ్ళు. స్వాతి బయటికెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోను చేస్తోంది.

వెళ్తూ వెళ్తూ అమ్మ ఆ ఫ్లెక్సీ విప్పించింది. "ఇంత మందం బరకం కొనబోతే దొరుకుద్దా?" అని చుట్టి ఆటోలో వేయించింది. ఇప్పటికీ ప్రతి ఏడూ కల్లంలో పరిచిన నా మొహం మీదే మిరపకాయలు ఎండుతాయి.

అందుకని అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరుండగా నా బొమ్మని మళ్ళీ ఫ్లెక్సీ ఎక్కనివ్వను. పోయాక మీ ఇష్టం, ఎంత పెద్దదైనా కట్టుకోండి. అప్పటికి నా కళ్ళు ఎవరి దగ్గరో ఉంటాయి. వాళ్ళు ఆ దారిన బస్సులో పోతుంటే, కాస్త దిగి, అడుగున చిన్నక్షరాలు కూడా చదవమనండి.