మా తల్లిగారి దండు

ఆ రోజుల్లో, ఒకే మాటకు ఒక్కో ఊళ్ళో ఒక్కో అర్థం ఉంటుందని నాకెవరైనా చెప్పి ఉంటే, నిండు ఊరు ఒక్క పూటలో జొన్నచేను పాలయ్యేది కాదు. దేవరుప్పుల దగ్గరి మా పుట్టింట్లో చుట్టాలు గుంపుగా కదిలితే చాలు, అమ్మ "దండు" అనేది. పెళ్ళికి పోయే దండు, బోనాలకు వచ్చే దండు. ఆ మాట వింటేనే నాకు నేతి వాసన వచ్చేది. పెద్దవంగర దిక్కున్న అత్తగారి ఊళ్ళో మాత్రం అప్పుడు దండంటే రజాకార్లే. పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టిపోయింది వాళ్ళే. కొత్త కోడలిని, నాకేం తెలుసు? (అడిగేంత చనువూ ఇంకా రాలేదు.)

ఒక ఉదయం మా ఊరి వైపు నుంచి వచ్చిన గాజులమ్మే అక్క, "మీ అమ్మ, బాపు, అందరు బండ్లు గట్టుకొని వస్తున్నరు" అని చెప్పిపోయింది. నేను ఒక్క పరుగున అరుగు మీదున్న మా ఆయన నాయనమ్మ దగ్గరికి పోయాను.

"అవ్వా! దండొస్తున్నది!"

"ఏ దిక్కునుంచే?"

"దేవరుప్పుల దిక్కునుంచి. మస్తు మంది!"

"పానాలు బోతుంటె నవ్వుతవేందే పిల్లా!" అంటూ అవ్వ వీధిలోకి ఉరికింది. కాసేపటికే డప్పు మోగింది. ఆడవాళ్ళు చంటిపిల్లలతో, కారప్పొడి ముంతలతో, మగవాళ్ళు రాళ్ళు విసిరే వడిసెలలతో ఊరు దాటుతున్నారు. చుట్టాలకు డప్పులతో ఎదురుపోతారు కాబోలు, మర్యాదంటే వీళ్ళదే అనుకుని నేనూ తల దువ్వుకుని వెంట నడిచాను.

అందరం జొన్నచేలో కూర్చున్నాం. తలల మీద కంకులు మెల్లగా ఊగుతున్నాయి. ఆకుల సందుల్లోంచి పచ్చటి వెలుగు మా ఒళ్ళ మీద నీళ్ళలా కదులుతోంది. అంతమంది ఉన్నా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. (ప్రేమనుకున్నాను.)

"ఇంకెంతసేపత్తమ్మా?"

"నోరు మూస్కో బిడ్డా."

అంతలో ఎడ్ల గజ్జెలు వినిపించాయి. వెనకే మా బాపు గొంతు. "ఊళ్ళె ఒక్క మనిషి లేడు. మన మొగం జూడొద్దనే తలుపులేసుకొని పోయిన్రు. మలుపున్రి బండ్లు!"

ఆ బండ్లు మళ్ళితే బాపు ఈ గడప మళ్ళీ తొక్కడు. చెయ్యి విడిపించుకుని చేలోంచి బయటికి ఉరికాను.

"బాపూ! ఆగు!"

నా వెనక వడిసెలతో మా ఆయన, ఆయన వెనక కారప్పొడితో ఊరు మొత్తం. బాపు బిత్తరపోయాడు. "ఏందల్లుడా, మేమేం తప్పు జేసినం?"

అవ్వ రొప్పుతూ వచ్చి, "దండేదే?" అంది.

బండ్లలో ఉన్న అమ్మను, మేనత్తలను, అరిసెల గంపను చూపించాను. "గిదే గదవ్వా!"

అవ్వ దుమ్ములోనే కూలబడి నవ్వింది. ఊరూ నవ్వింది. నెలల తరబడి నవ్వు ఎరగని ఊరు అది. (నిజం దండు కూడా తర్వాత వచ్చింది. అది నవ్వే ముచ్చట కాదు.)

ఆ పూట చేను గట్టునే పొయ్యిలు వెలిగాయి. బాపు, మా మామ ఒకే విస్తరిలో అరిసెలు తిన్నారు. నేను అమ్మ ఒళ్ళో తల పెట్టి నిద్రపోయానట. బండ్లలో వచ్చిన మా వదిన లేపబోతే అత్తమ్మ ఆపిందట. "పండనియ్యి, ఊరునంత లేపి అలిసిపోయింది."

ఇన్నేళ్ళకు, అమ్మ ఒళ్ళో నిద్రపోయిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. నాకూ లేపబుద్ధి కాదు.