సముద్రానికి పక్క చెరువు

శ్యామలాంబ గారిని రొయ్యల మేత గురించి ఒక్క ముక్క అడగండి, పాతిక కోట్ల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లిపోతారు. కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాక, భీమవరం దగ్గర మా చెరువును ఆనుకుని చెరువు తవ్వించారు. ఆవిడ పూర్తి శాకాహారి. రొయ్యను పెంచుతారు గానీ నోట పెట్టరు.

గట్టు మీద కలిస్తే చాలు, అదే కథ. "అగ్నిపర్వతాలు పొగ కక్కాయండీ భీమరాజు గారూ. భూమి వేడెక్కింది, సముద్రమూ వేడెక్కింది. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు కదా! సముద్రంలో ఉన్న జీవుల రకాల్లో నూటికి ఎనభైకి పైగా పోయాయి. చాలావాటికి ఊపిరే ఆడలేదు." చెబుతూ చెబుతూ కళ్లు ఒత్తుకునేవారు. "వాటి పెద్దకార్యం భోజనానికి పిలుస్తారేమో, వెళ్లిరండి" అని మా ఆవిడ మీనాకుమారి నన్ను ఏడిపించేది.

మొన్న మే నెలలో ఓ మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆకు కదలని ఉక్క. వోల్టేజి పడిపోయి నా ఏరియేటర్ల మోటార్లన్నీ కాలిపోయాయి. నీళ్లను చిలికి గాలి ఎక్కించే చక్రాలు ఆగిపోయేసరికి, రొయ్యలు పైకి తేలి గట్టు అంచుకి చేరాయి. అంతకుముందు రెండు పంటలు తెగులుకి పోయాయి. ఇదీ పోతే చెరువు వదులుకోవడమే. కొత్త మోటార్లు సాయంత్రానికి గానీ రావన్నారు.

శ్యామలాంబ గారు కుచ్చెళ్లు ఎగదోపుకుని గట్టు దాటి వచ్చారు. నీళ్లకేసి చూశారు. ఈసారి కథ చెప్పలేదు. ఆవిడ చెరువులో ఏరియేటర్లు జనరేటరు మీద తిరుగుతున్నాయి. మనుషుల్ని కేకేసి వాటిలో సగం విప్పించి నా చెరువులో దింపించారు.

"మరి మీ రొయ్యల సంగతేంటండీ?" అన్నాను.

"నేను రొయ్యపిల్లల్ని పలచగా వేశాను, సరిపోతుంది. ముందు ఆ కేబుల్ పట్టుకోండి."

ఆవిడా ఓ చెయ్యి వేసి లాగారు. పోయినవి కొన్ని పోయాయి. మిగిలినవి మెల్లగా అడుక్కి దిగాయి. గట్టు మీదే కూలబడి ఆవిడకి దండం పెట్టాను. అంత కృతజ్ఞత నాకు దేవుడి దగ్గర కూడా ఎప్పుడూ కలగలేదు.

పట్టుబడి అయి, రొయ్యలు అమ్మాక, ఆవిడకి రొయ్యలివ్వలేం కదా, మీనాకుమారి బొబ్బట్లు చేసింది. పట్టుకెళ్లి ఇచ్చి, నేనే అడిగి ఆ కథ మొత్తం చెప్పించుకున్నాను.

"వాటికి ఎవరూ సాయం రాలేదా అండీ?" అన్నాను.

"ఎవరొస్తారండీ? సముద్రానికి పక్క చెరువుంటుందా?"

బొబ్బట్టు తుంచుతున్న ఆవిడ అరచేతులకేసి చూశాను. కేబుల్ ఒరుసుకున్న గీతలు ఇంకా మాయలేదు.