జెరూషా మామ్మ చూపించని చోటు

మా మామ్మ జెరూషా మేం అబద్ధమాడితే నాలుక మీద మిరియాలపొడి చల్లేది. తను మాత్రం గుమ్మం ముందు ఎవరైనా నిలబడి ప్రశ్న వేస్తే ఎంత అందంగా బొంకేదంటే, ఒహైయో నదికి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ ఆమెకు సాటి లేరు.

అది ఆ ఇంటి విద్య. అవతలి ఒడ్డున బానిసత్వం నడిచే కెంటకీ నుంచి నల్లవాళ్లు పారిపోయి వచ్చే రోజుల్లో మామ్మ తాత వాళ్లను ఈ ఇటుకింట్లోనే దాచేవాడు. సామాన్ల గదిలో కింది అర వెనక ఒక పలక, దాని వెనక మనుషులు పట్టే గూడు. గడియ లోపలి వైపు ఉండేది. నల్లవాళ్ల ఓటు హక్కు కోసం ఊరూరా తిరిగి తన్నులు తిన్న ఇద్దరు కుర్రాళ్లను మామ్మ కూడా అక్కడే దాచింది. పోలీసు పెద్ద షెరీఫ్ వాసన పట్టే కుక్కతో వస్తే దానికి మొక్కజొన్న రొట్టె పెట్టి, "పాపం, దీనికి తిండన్నా పెట్టవా నాయనా?" అని ఆయన్నే దులిపింది.

తర్వాత పెద్ద రోడ్డుకు మా ఇల్లు అడ్డమైంది. చరిత్ర సంఘం నుంచి పెల్హమ్ గారు వచ్చాడు.

"దాక్కునే చోటు చూపిస్తే ఇల్లు నిలబెట్టిస్తానమ్మా."

"చోటా? మా ఇంట్లో ఎలకలే ఇరుకని అలిగి పోయాయి బాబూ!"

ఆయన 'లేదు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

"ఆయన మనవైపే కదా మామ్మా!"

"కాయితం పట్టుకొచ్చినవాడు మనవైపు ఎప్పుడున్నాడే, సగం చదువుదానా?"

కూల్చేస్తామని కబురొచ్చాక గానీ ఆమెకు దెబ్బ తెలిసిరాలేదు. కూలికి చేసే ఇస్త్రీ బట్టలు వదిలేసి ఆఫీసుల చుట్టూ తిరిగింది, చోటు మాత్రం చూపించలేదు. "ఏమీ లేదని నువ్వేగా చెప్పావు," అన్నారు అంతా. ఆమె తిండి మానేసింది. చర్చిలో అందరికన్నా పెద్దగా, అందరికన్నా అపశ్రుతిగా పాడే మనిషి పెదవి విప్పలేదు.

యంత్రం వచ్చిన పొద్దున మామ్మ కనబడలేదు. పోలీసులు అటక నుంచి నేలమాళిగ దాకా గాలించారు.

"ఇల్లు ఖాళీ. కానివ్వండి," అన్నాడు మేస్త్రీ.

యంత్రం గుర్రుమంది. నేను దానికి అడ్డంగా పరిగెత్తాను.

"ఆగండి! మామ్మ లోపలే ఉంది!"

"ఎక్కడ?"

"అది మాత్రం చెప్పను. మీరే వెతుక్కోండి!"

మళ్లీ వెతికారు. గోడలు తట్టారు. దొరకలేదు. మేస్త్రీ ముఖం పాలిపోయింది. "మనిషి మీద ఇల్లు పడగొట్టను," అని యంత్రం ఆపించేశాడు. పెల్హమ్ గారిని పిలిపించారు. ఆయన నడవలో మోకాళ్ల మీద కూర్చుని గోడలకు వినబడేలా బతిమాలాడు. చివరికి నేనే ఏడుస్తూ సామాన్ల గదిలో కింది అర లాగేసి పలక మీద కొట్టాను.

"మామ్మా, నీకు ఊపిరాడదే! రావే!"

చాలాసేపటికి గడియ కదిలింది. మోకాళ్లు చాపలేక మామ్మ పాకుతూ వచ్చింది. పెల్హమ్ గారు కళ్లు తుడుచుకుంటూ గూటిలో కొలతలు తీశాడు.

"ఇక ఈ ఇంటిని ఎవరూ ముట్టుకోరమ్మా. ఊరంతా వచ్చి చూస్తుంది."

మామ్మ ఆయన వైపు చూడలేదు. తెరిచిన పలక ముందు కూలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రేపు మళ్లీ ఎవరినైనా తరుముకొస్తే, నేను వాళ్లనెక్కడ పెట్టనే పిల్లా?"